నీలిచారల ముక్క

ఏప్రిల్ 2, బుధవారం

కొలతల పుస్తకం వెనక పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ముందు వైపు ఊళ్ళోవాళ్ళ జాకెట్ల కొలతలు. వెనక వైపు ఎవరూ తిరగేయరు.

రంజాను పండుగ అయి రెండు రోజులే. సేమ్యా గిన్నె ఇంకా తోమలేదు, సింధు మేడం వచ్చి కూర్చున్నారు. గుంటూరు ఆవిడ, గుడ్డలతో పెద్ద పెద్ద బొమ్మలు చేస్తారట. నాగార్జునకొండ దారిలో ఎవరో ధ్యాన మందిరం కడుతున్నారు. బుద్ధ పూర్ణిమ నాటికి అందులో ఒక మండలం వేలాడదీయాలి.

"ఏ మండలం? మాచర్లదా, రెంటచింతలదా? ఎమ్మార్వో ఒప్పుకున్నాడా?" అంది అత్త.

మేడం నవ్వి ఫోనులో బొమ్మ చూపించారు. నలుచదరపు గుడ్డ. దానిలో గుండ్రం, గుండ్రంలో గుండ్రం, నాలుగు వైపులా నాలుగు వాకిళ్ళు, నడిమధ్యన తామరపువ్వు. ముప్ఫై రెండడుగుల పొడవు, అంతే వెడల్పు. రంగుతో వేసేది కాదు, అంతా కుట్టే. ఊరూరి ఆడవాళ్ళు తాము తలుచుకునే మనిషి కట్టిన పాతగుడ్డ మీద ఒక రేకు కుట్టి పంపుతారు. ఆ ముక్కలన్నీ అతికి ఒకే గుడ్డ చేయాలి. మా నాన్న దగ్గర షామియానాలు కుట్టిన చెయ్యి నాది. ఎవరో చెప్పారట.

అత్త వెళ్ళమంది. "కాలేషా వచ్చేదాకా ఈ గోడలు చూస్తా కూసుంటావా? పో."

ఆయన సూరత్‌లో బట్టల మిల్లులో ఉన్నాడు. రెండేళ్ళ ఎనిమిది నెలలైంది.

ఏప్రిల్ 5, శనివారం

మూతపడిన జిన్నింగ్ మిల్లు గోదాములో పని. పైన దూలాలకు పాత పత్తి ఇంకా పట్టుకుని ఉంది. గాలి లేకపోయినా ఒక్కో పింజ ఊడి కిందికి వస్తుంది. నేలంతా టార్పాలిన్ పరిచి మేడం సుద్దతో గుండ్రాలు గీశారు. అన్నిటికన్నా బయటిది నిప్పుల వలయం, దాని లోపలిది నీళ్ళ వలయం. నీళ్ళది నాకిచ్చారు.

మొత్తం ఇరవై ఇద్దరం. హాజరు పట్టీ, మధ్యాహ్నం భోజనం పొట్లాల లెక్క మా వెనక వీధి నిస్సీ చేతిలో. బడి పంతులమ్మగా చేసి మానేసింది, ఏది రాసినా గీత గీసి రాస్తుంది. అందరిలోకీ పెద్దది వీరరాఘవమ్మగారు. డెబ్బై దాటాయి, సూదిలో దారం ఎవరి సాయం లేకుండా ఎక్కిస్తుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

మెసేజ్ వచ్చింది. బాగానే ఉన్నాడట. అత్తకు చదివి వినిపించాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఊళ్ళనుంచి మూటలు వచ్చాయి. లుంగీ ముక్కలు, చిన్నపిల్లల గౌనులు, ఒక ముసలాయన తలపాగా. ఒక్కోటి విప్పుతుంటే ఒక్కో ఇంటి వాసన. పోయినవాళ్ళ గుడ్డలే ఎక్కువ. నీలం రంగువి ఏరి నా పక్కన పెట్టుకున్నాను.

వాటిలో ఒక ముక్క. తెలుపు మీద సన్నటి నీలి చారలు. మీద తెల్లదారంతో తామర రేకు, చెయ్యి తిరగని కుట్టు. వెనక పిన్నుకు చీటీ: రూతమ్మ, గుండ్లరేవు.

ఆ చారల గుడ్డ నాకు తెలుసు. మూడేళ్ళ కిందటి రంజానుకు బజారులో తానులకు తానులు అమ్ముడుపోయింది. మాచర్లలో సగం మంది మగవాళ్ళు ఆ చొక్కా తొడిగారు. ఆయనకూ కుట్టాను. అంతే.

ముక్క తడిగా ఉంది. దారిలో ఎవరి నీళ్ళసీసా అయినా ఒలికి ఉంటుంది. దాని పైనున్నది, కిందున్నది పొడిగానే ఉన్నాయి.

ఏప్రిల్ 9, బుధవారం

గోదాము వాకిట్లో తీగ మీద ఆరేశాను. నలభై మూడు డిగ్రీలట. గడప దాటితే కాళ్ళు బొబ్బలెక్కుతున్నాయి. సాయంత్రం తీసి చూస్తే ఆ ముక్క చల్లగానే ఉంది.

సగం మంది తొడిగారు ఆ చొక్కా.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున ఆ ముక్కను నీళ్ళ వలయంలో పెట్టి నాలుగు వైపులా కుట్టాను. అందరం వరండాలో అన్నాలు తిని వచ్చేసరికి ఊడి ఉంది. దారం తెగలేదు. ఎవరో ఓపిగ్గా కుట్టు వెంబడి లాగినట్టు వచ్చేసి, ముక్క వలయం మధ్యలో చుట్టచుట్టి ఉంది.

ఎలుకలు. పత్తి గోదాములో ఎలుకలు ఉండవా.

మళ్ళీ కుట్టాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

మళ్ళీ ఊడింది. మళ్ళీ కుట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

నిస్సీ తలలు లెక్కపెట్టి పొట్లాలు తెప్పిస్తుంది. మూడు రోజులుగా ఒకటి మిగులుతోంది. ఇవాళ నేనే ఆమెను ఆటపట్టించాను.

"పంతులమ్మవి, లెక్క రాదా?"

"నేను సరిగ్గానే లెక్కపెట్టానక్కా. ఇరవై మూడు. మీరంతా తలొంచుకుని కుడతా ఉన్నప్పుడు లెక్కపెడితే ఇరవై మూడు వస్తన్నై. పేర్లు పిలిస్తే ఇరవై రెండు."

అందరూ నవ్వారు. నవ్వుతుంటే ఒకటి గమనించాను. నా ఎడమ పక్కన మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంది. రోజూ ఉంటోంది. చోటు చాలక మోకాళ్ళు తగులుతూ కూర్చుంటున్నారు గానీ అక్కడికి ఎవరూ జరగడం లేదు. అటుపక్క కూర్చునే ఆమెను అడిగాను, ఇటు జరగరాదా అని.

"ఎవరో ఉన్నారుగా అక్కడ" అని, నా వైపు చూసి, "ఓ, లేరా" అంది. జరగలేదు.

సింధు మేడం రోజూ నిచ్చెనెక్కి పైనుంచి ఫోటో తీస్తారు. ఫోటోలో ఆ ముక్క చుట్టూ నల్లగా, నీళ్ళు పీల్చుకున్నట్టు మరక. నిన్నటి ఫోటోలో అరచేయంత. ఇవాళ పళ్ళెమంత. కిందికి వచ్చి చూస్తే ఏమీ లేదు. "లెన్స్ మీద ఏదో ఉన్నట్టుంది" అని చీరకొంగుతో తుడిచారు.

ఏప్రిల్ 13, ఆదివారం

మెసేజ్ వచ్చింది. "అమ్మా, మిల్లులో కూలర్లు పెట్టారు. ఎండ తెలియడం లేదు. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?"

"మోకాళ్ళ సంగతి గుర్తుంది నా తండ్రికి" అంది అత్త. ఇంకోసారి చదవమంది. రెండోసారి కూలర్లు అనడం మర్చిపోయాను. "ఇందాక కూలర్లు అన్నావే" అంది. ఫోను పైట చెంగుతో తుడిచి మళ్ళీ చదివాను.

వచ్చే వారం ఇంత పొడుగ్గా రాయకూడదు. గుర్తుండవు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇది రాయడమా వద్దా అని చానాసేపు కూర్చున్నాను.

అన్నాల తర్వాత ఎండకు అందరూ కునుకు తీస్తున్నారు. నేను తల పైకెత్తితే వీరరాఘవమ్మగారు వలయానికి అవతలి పక్కనుంచి నా వైపు చూసి మాట్లాడుతోంది. నాతో కాదు. నా ఎడమ పక్కకు చూస్తోంది. గొంతు రావడం లేదు. పెదాలు మాత్రం పెద్దగా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా కదుపుతోంది. చెవిటివాళ్ళతో అలా మాట్లాడతాం. నేను ఏడాదిపాటు అలాగే మాట్లాడాను.

ఆయన దాచేపల్లి వైపు ఒక రాళ్ళ క్రషర్‌లో పదకొండేళ్ళు చేశాడు. చెవులు అక్కడే పోయాయి. వీరరాఘవమ్మగారు ఎడ్లపాడు నుంచి మాచర్లకు వచ్చి ఏడాదైనా కాలేదు. ఆయనను ఎన్నడూ చూడలేదు. ఆయనకు చెవులు వినపడవని నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

"ఎవరితో మాట్లాడతన్నావు అమ్మమ్మా?" అని అడిగాను.

"ఏందే?"

"ఇందాక, ఇటు చూసి."

"దాహమేమో అడిగా" అని సూది అందుకుంది. "నీకెందుకు?"

ఆ రోజు నేనన్న మాట ఆయనకు వినపడి ఉండదు. వినపడదు కదా. వినపడే అవకాశమే లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఈసారి ముక్క ఊడినప్పుడు కుట్టలేదు. తిరగేశాను.

రేకు కింద, ఎవరికీ కనపడకుండా, ఒక కాజా ఉంది. చొక్కా ముందుపట్టీని అలాగే మడిచి రేకు కుట్టింది ఆ మనిషి. కాజా పచ్చదారంతో ఉంది.

రంజాను ముందురోజు నీలిదారం అయిపోయింది. కొట్లన్నీ కట్టేశారు. పైనుంచి మూడో కాజా పచ్చదారంతో వేశాను. తొడుక్కుని అద్దంలో చూసుకుని, "దీనికి ఒక కన్ను పచ్చగా ఉందే" అని నవ్వాడు. అత్తకూ చూపించాడు.

మాచర్లలో సగం మంది తొడిగారు. పచ్చ కాజా ఒక్కదానికే ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

చొక్కా ఎవరికైనా ఇచ్చి ఉంటాడు. సూరత్ వెళ్ళేముందు.

ఏప్రిల్ 19, శనివారం

పనికి వెళ్ళలేదు. గుండ్లరేవు వెళ్ళాను. రెంటచింతల దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. అత్తతో మూటలు తేవడానికి అని చెప్పాను.

కృష్ణ ఒడ్డున ముప్ఫై ఇళ్ళు. ఊరు ఊరంతా శ్మశానంలోనే ఉంది. రేపు ఈస్టరు, సమాధులకు సున్నం వేస్తున్నారు. కాగితం పూలు, బంతిదండలు. పిల్లలు సున్నం బక్కెట్లు మోస్తున్నారు. రూతమ్మ ఎవరని అడిగితే ఏటి వైపు చివరనున్న సమాధి దగ్గరికి చూపించారు.

యాభై దాటిన మనిషి, చేతులు మోచేతులదాకా సున్నం. పక్కన భర్త జక్కయ్య సిలువ తుడుస్తున్నాడు. చేపలు పట్టే మనిషి. ముక్క సంచిలోంచి తీసి చూపించాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని గాని ముట్టుకోలేదు.

"నేను పంపిందే. ఏమ్మా, బాగా కుదర్లేదా?"

"ఈ చొక్కా ఎవరిదక్కా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూతమ్మ అప్పుడే సున్నం వేసిన సమాధి మీద చెయ్యి పెట్టింది. "ఈయనదే" అంది. సిలువ మీద నల్లరంగుతో రాసి ఉంది: యోనా.

జక్కయ్య చెప్పాడు. "గేట్లు ఎత్తిన రోజులమ్మా. ఏరు నిండుగా పోతంది. కింద బండల కాడ తగులుకుని ఉన్నాడు. నేనే లాగా. పోలీసులొచ్చారు, రాసుకున్నారు, పేపర్లో ఏశారు. ఎవరూ రాలా. ఇక్కడే మట్టిచ్చాం. పేరు లేకుండా ఎట్టా ఉంచుతాం? నీళ్ళలోంచి వచ్చాడని యోనా అన్నాం."

"మొహం..." అన్నాను.

"మొహం సూడలేకపొయ్యామమ్మా. రెండ్రోజులు నీళ్ళలో ఉన్న మనిషి. చేపలు..." అని ఆపేశాడు.

"చొక్కా ఒంటి మీదే ఉందా?"

"లేదమ్మా, అదే చెప్తన్నా. మట్టిచ్చిన మర్నాడు రేవులో పెద్ద బండ మీద దొరికింది రూతమ్మకు. గాలికి పోకుండా పైన రాయి పెట్టి ఉంది. మడత పెట్టి ఉందమ్మా. బొత్తాలన్నీ పెట్టి, చేతులు వెనక్కి మడిచి. కొట్లో కొత్త చొక్కా మడిచినట్టు."

స్నానానికి దిగే మగవాళ్ళెవరైనా చొక్కా విప్పుతారు.

ఆయన ఏ రోజూ చొక్కా మడత పెట్టిన మనిషి కాదు. విప్పి తలుపు మీద పడేసేవాడు. కుట్టిన ప్రతి చొక్కా బొత్తాలు పెట్టి, చేతులు వెనక్కి మడిచి ఇచ్చేది నేను. పక్కన కూర్చుని చూసేవాడు.

రూతమ్మ ఇంకో మాట చెప్పింది. "ప్రతి ఏడూ కొవ్వొత్తి ఎలిగిస్తాం. మా వాళ్ళతో పాటే పార్థన చేస్తాం. తలుచుకునే మనిషి గుడ్డ పంపమంటే నాకు ముందు ఈయనే గుర్తొచ్చాడు. ఎవరో కన్నతల్లి ఉండిద్ది గదా అనుకునేదాన్ని." ఆగి అడిగింది. "నువ్వు ఏమవుతావమ్మా?"

చెప్పలేదు. "కుట్టు పనిలో ఉన్నాను" అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా సున్నం బక్కెట్ నా వైపు జరిపింది. కాళ్ళవైపు ఇంకా వేయాల్సి ఉంది. వేశాను.

పేపర్లో వేశారట. మా ఇంటికి పేపరు రాదు.

వీధి చివర టీ బంకులో వస్తుంది. ఆ నెలంతా నేను అటు వైపు నడవలేదు.

బయల్దేరేటప్పుడు సంచి చూసుకుంటే ముక్క లేదు. సమాధి చుట్టూ వెతికాం. జక్కయ్య రేవు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. దొరకలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఫోనులో ఛార్జింగ్ లేదని అత్తతో చెప్పాను.

ఏప్రిల్ 21, సోమవారం

గోదాములోకి అడుగు పెట్టగానే నిస్సీ, "ఏందక్కా, శనివారం పిలిస్తే పలకవేంది?" అంది.

"శనివారం నేను రాలేదు."

"వచ్చావు. నీ చోట్లోనే, కాదు, నీ పక్కన కూసున్నావు. ముసుగేసుకుని, వంగిపోయి కుడతన్నావు. వెనకనుంచి రెండుసార్లు పిలిచా, మూడోసారి అరిచినట్టే పిలిచా. తల తిప్పలా. ఒంట్లో బాగాలేదేమోనని ఊరుకున్నా." హాజరు పట్టీ తెచ్చి చూపించింది. నా పేరు ఎదురుగా హాజరు. గీత గీసి రాసింది.

ముక్క నీళ్ళ వలయంలో ఉంది. శనివారం పొద్దున నా సంచిలో నేను పెట్టుకున్న ముక్క. నాలుగు వైపులా కుట్టి ఉంది. కుట్టు పెద్దది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కుడివైపుకు ఒరిగి పోతోంది. చెవులు పోయి ఇంట్లో కూర్చున్న ఏడాది, పొద్దుపోక, చీర అంచులు కుట్టడం నేర్పమన్నాడు. ఎన్నిసార్లు చూపించినా కుట్టు కుడివైపుకు ఒరిగిపోయేది. వాటిని రహస్యంగా విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.

సింధు మేడం వంగి చూశారు. "తహసీన్‌గారూ, ఈ ఒక్క ముక్క కుట్టు వంకరగా పోయింది. విప్పి మళ్ళీ వేయండి."

"వేయనండీ."

"ఏంటి?"

"దాన్ని విప్పను. కాదంటే ఇంకెవరినైనా పెట్టుకోండి."

ఆవిడ నా మొహం చూసి పక్క ముక్క వైపు జరిగారు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూశాం. ఊడలేదు. పొట్లం మాత్రం ఒకటి మిగిలింది.

ఏప్రిల్ 22, మంగళవారం

రాస్తాను. ఇక్కడ తప్ప ఎక్కడ రాస్తాను.

ఆగస్టు, మధ్యాహ్నం. పెళ్ళి బట్టలు తొమ్మిది జతలు నా నెత్తిన ఉన్నాయి. ఆయన ఏదో అడుగుతున్నాడు, నేను చెప్తున్నాను, వినపడలేదంటున్నాడు, మళ్ళీ చెప్తున్నాను. నాలుగోసారి మిషను ఆపి లేచి నిలబడ్డాను. "ఇట్టా నా ప్రాణం తీసేకంటే ఏ ఏట్లోనన్నా పడరాదా" అన్నాను. తర్వాత ఆయన చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు.

అప్పటినుంచి నాకు నేను చెప్పుకుంటున్నది ఒకటే. చెవులు లేవు, వినపడలేదు.

నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా పెదాలు చూస్తున్నాడు. ఆ ఏడాదంతా కూర్చుని నా పెదాలు చదవడం నేర్చుకున్నాడు. నేనే నేర్పాను, పెద్దగా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా. ఆ మాట కూడా అలాగే అన్నాను. అర్థం కావాలని.

వారం తర్వాత పోలీసు స్టేషన్ గేటు దాకా వెళ్ళాను. ఇంట్లో ఏం జరిగిందని అడుగుతారని వెనక్కి వచ్చేశాను. అత్త వాకిట్లో నిలబడి, వారమైంది, వాడేడీ అంది. సూరత్ అని నోటికి వచ్చింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

అత్తకు చెప్పాను. గుండ్లరేవు, సమాధి, చొక్కా. సూరత్ లేదని, మెసేజ్‌లన్నీ నేనే రాసుకుని చదివానని. ఏట్లో పడమన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆమె ఏడవలేదు. "అబద్ధం" అంది.

"అబద్ధం కాదత్తా."

"రెండున్నరేళ్ళు చదివి వినిపించిన నోరే గదా ఇది? అది అబద్ధమైతే ఇది నిజమెట్టయిద్ది?" అప్పుడు గొంతు లేచింది. "నిజమైతే, నా బిడ్డకు ఒక్క ఫాతిహా లేదు. బతికున్నోడికని నా చేత దువా చేయించావు. ఏడాది చేయలా, పూలు పెట్టలా. దిక్కులేనోడి లాగా పడున్నాడు వాడు. అందుకే నిజం కాదు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏప్రిల్ 27, ఆదివారం

అత్త ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "చదువు" అంది.

"ఏమీ లేదత్తా."

"చదువు."

చదివాను.

ఏప్రిల్ 30, బుధవారం

అత్త మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది.

మే 4, ఆదివారం

చదివాను. మిల్లుకు సెలవులని, మామిడిపళ్ళు తిన్నానని. అత్త కళ్ళు మూసుకుని విన్నది.

మే 11, ఆదివారం

రేపు మండలం ఎత్తాలి. చివరి కుట్లు. వాకిళ్ళు నాలుగూ అయ్యాయి, నడుమ తామర అయింది. పత్తి పింజలు ఏరుతూ అందరం అంచుల్లో ఉన్నాం. గోదాము వాకిట్లో అత్త నిలబడి ఉంది. అంత ఎండలో, ఒంటరిగా, అంత దూరం ఎలా నడిచి వచ్చిందో.

"ఏడీ?" అంది.

చూపించాను. గుడ్డ మీద చెప్పులతో నడవకూడదు, నిలబడి వంగలేదు. చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద పాకుతూ గుడ్డ మీదికి వచ్చింది. నిప్పుల వలయం దాటింది. ఇరవై మంది చేతుల్లో సూదులు ఆగిపోయాయి. పట్టుకోబోతే వీరరాఘవమ్మగారు నన్ను ఆపింది. "పోనియ్యి. దారి తెలుసు ఆమెకు."

ముక్క దగ్గర ఆగి, రేకు అంచు వేలితో ఎత్తి కింద చూసింది. పచ్చ కాజా మీద బొటనవేలు పెట్టింది. తర్వాత వంగి చెంప దానికి ఆనించింది.

"తడిగా ఉంది" అంది. కాసేపటికి మళ్ళీ, నా వైపు చూడకుండా, "వీడు ఇంకా ఆరలేదే" అంది.

మే 12, సోమవారం

బుద్ధ పూర్ణిమ. తాళ్ళు లాగి మండలాన్ని గోడకు ఎత్తారు. సగం పైకి లేచేసరికి జనం మాటలు ఆగిపోయాయి. నేలమీద మేం నెలకు పైగా పాకిన గుడ్డ అదని నాకే అనిపించలేదు. ఒక పెద్ద కన్ను తెరుచుకున్నట్టు ఉంది.

వచ్చినవాళ్ళంతా నీళ్ళ వలయం దగ్గర ఆగుతున్నారు. "ఆ మెరుపు ఎట్లా తెచ్చారండీ? నిజంగా నీళ్ళే పారుతున్నట్టున్నాయి" అని సింధు మేడంను అడుగుతున్నారు. ఆవిడ నన్ను చూశారు. నేను గోడ దగ్గరికి వెళ్ళి, అందినంత మేర అంచు కింద అరచెయ్యి పెట్టాను.

చెయ్యి తడిసింది. పైటకు తుడుచుకుని వచ్చేశాను.

మే 15, గురువారం

అత్తను గుండ్లరేవు తీసుకెళ్ళాను. మసీదు పెద్ద మౌలాలీ తాతను ముందురోజు అడిగింది అత్త, మట్టిని మన దర్గా పక్కకు మార్చాలా అని. అక్కర్లేదు, భూమంతా ఒకటే, అక్కడే ఫాతిహా చదవమన్నాడు.

రూతమ్మకు ఈసారి నేను ఏమవుతానో చెప్పాను. ఆమె అత్తను చేయి పట్టి నడిపించుకుని వెళ్ళింది.

అత్త తల నిండా ముసుగు కప్పుకుని చదివింది. మధ్యలో గొంతు పోయింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. జక్కయ్య, రూతమ్మ పక్కన తలలు వంచుకుని నిలబడ్డారు. అయ్యాక అత్త సమాధి మీద మట్టి సర్దుతూ అడిగింది.

"సూసినప్పుడు వాడి మొహం ఎట్టా ఉందమ్మా?"

"నిద్రపోతన్నట్టే ఉన్నాడు పెద్దమ్మా" అంది రూతమ్మ, తడుముకోకుండా. "పెళ్ళికొడుకు లాగా ఉన్నాడు."

జక్కయ్య నేలకేసి చూశాడు.

జక్కయ్య నల్లరంగు డబ్బా, కుంచె తెచ్చి పెట్టుకున్నాడు. "పేరు చెప్పండమ్మా. ఆ పేరు కొట్టేసి ఇది రాస్తా."

"ఏమని ఉంది?" అంది అత్త. ఆమెకు చదువు రాదు.

"యోనా అనమ్మా. చేప మింగితే మూడ్రోజులకు బయటికొచ్చిన ఆయన."

అత్త తలెత్తింది. "యూనుస్ నబీనా?" కాసేపు సిలువ వైపు చూసింది. "ఉండనియ్యి నాయనా. ఇన్నాళ్ళు ఆ పేరుతో పిలిచారు. పలికే ఉంటాడు. మాది కింద రాయి."

కుంచె నేను తీసుకున్నాను. కాలేషా అని రాశాను.

తిరుగుబస్సులో ఖాళీ ఉంది. కిటికీ పక్క అత్త, ఇవతల నేను. రెంటచింతల దాటాక అడిగింది.

"స్నానానికేనా దిగింది?"

అవునని నోటిదాకా వచ్చింది. చొక్కా విప్పి ఉంది కదా.

"కాదత్తా" అన్నాను. చెప్పాను. ఏం అడిగాడో, ఎన్నిసార్లు అడిగాడో, నేను లేచి ఎదురుగా నిలబడి ఏమన్నానో, అన్నది అన్నట్టే చెప్పాను. ఆయన నా పెదాలు చూస్తున్నాడని కూడా.

అత్త కాసేపటికి లేచి, కమ్మీలు పట్టుకుంటూ ముందుకు వెళ్ళి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. పాలువాయి దాటేదాకా, దాటాక కూడా, వెనక్కి తిరగలేదు. ముసుగు ఒక్కటే కనపడుతోంది నాకు.

మాచర్ల బస్టాండులో జనం దిగిపోయారు. అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది, నన్ను చూడటం లేదు. ఆ బస్సు మెట్టు చాలా ఎత్తు, ఆమె మోకాళ్ళకు అందదు. నేను ముందు దిగాను. ఆమె కొంచెంసేపు చూసి, చెయ్యి చాపింది.

పట్టుకున్నాను.